నేల విడిచిన సాము

కారును ఆపేది బ్రేకు కాదు. బ్రేకు ఆపగలిగేది చక్రాన్ని. కారును ఆపేది నేల, ఆ నేలను పట్టుకొనేది టైరు. ఇంత చిన్న సంగతిని ఒప్పుకోవడానికి మన కారు ప్రియులకు ఎందుకింత కష్టంగా ఉంటుందో నాకు బోధపడదు. లక్షో, లక్షన్నరో పోసి ముందు చక్రాలకు భోజనం పళ్ళేలంతటి డిస్కులనూ, వాటిని కరచుకొన్న ఎర్రని కాలిపర్లనూ బిగించుకొంటారు. "ఇప్పుడు చూడండి, తొక్కితే అక్కడికక్కడే అతుక్కుపోతుంది" అని మురిసిపోతారు. వంగి చూస్తే అవే చక్రాలకు ఐదేళ్ళనాటి టైర్లు గాడులు చెరిగిపోయి, బోడిగా కనబడతాయి. నేల విడిచి సాము చేయడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతకు మించిన ఉదాహరణ నేను చూపలేను.

ముందే ఒక మాట. అలంకారం మీద నాకు కక్ష లేదు. ఎడ్ల మెడలో మువ్వలు కట్టి, లారీ వెనుక నెమలిని వేయించుకొన్న జాతి మనది. కారున్నవాడు కాలిపరుకు ఎర్రరంగు పూసుకొంటానంటే కాదనడానికి నేనెవరిని? నా తగవంతా సొగసును భద్రత అని చెప్పి అమ్మేవారితోనూ, సొగసు కోసం కొని భద్రత కోసం కొన్నామని ఇంట్లో చెప్పేవారితోనూ. మొదటిది వ్యాపారం, రెండవది ఆత్మవంచన. ఆ రెండూ కలిసినచోట వెనుక సీటులో కూర్చున్న పిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ చిన్న పిడకల వేట. రోటరన్నా డిస్కన్నా ఒకటే, చక్రంతోపాటు తిరిగే ఇనుప బిళ్ళ. అమెరికావారు రోటరంటారు, మన షెడ్లలో డిస్కంటారు. దీనికి తెలుగు మాట కల్పించాలని కూర్చుంటే భ్రమణఫలకం వంటిదేదో పుడుతుంది గాని, దాన్ని విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ ఎదుట ఉచ్చరించే ధైర్యం నాకు లేదు. బ్రేకు అన్న మాటను లారీ డ్రైవర్లు ఎప్పుడో తెలుగు చేసేశారు. డిస్కూ ఆ దారిలోనే ఉంది. అందుచేత డిస్కు అనే వ్రాస్తాను.

సరే, అసలు విషయానికి వద్దాం. పెడలు తొక్కినప్పుడు మన కాలి ఒత్తిడి బ్రేకు ఆయిలు ద్వారా కాలిపరులోని పిస్టనుకు చేరుతుంది. పిస్టను ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ఆ రాపిడికి చక్రం నెమ్మదిస్తుంది. చక్రం నెమ్మదించినంత మాత్రాన కారు నెమ్మదించదు, కింద టైరు జారిపోకుండా నేలను పట్టుకోవాలి. ఇంత పెద్ద కారుకూ భూమికీ నడుమ ఉన్న బంధమంతా నాలుగు టైర్ల కింద, ఒక్కొక్కటి అరచేయంత ఉండే నాలుగు రబ్బరు ముక్కలే. ఆ నాలుగు అరచేతులు ఎంత పట్టగలవో అంతే. డిస్కు ఎంత పెద్దదైనా, కాలిపరుకు నాలుగు పిస్టన్లున్నా ఆరున్నా, ఆ హద్దు దాటాక చక్రం బిగుసుకొని జారుతుందే తప్ప కారు ఒక్క అడుగు ముందుగా ఆగదు. ఏబీఎస్ ఉంటే చక్రాన్ని బిగుసుకోనివ్వకుండా వదిలి పట్టి, వదిలి పట్టి లాక్కొస్తుంది. అంటే పెద్ద డిస్కు కష్టపడి తెచ్చిన అదనపు బలాన్ని ఏబీఎస్ ఏ క్షణానికాక్షణం వదిలేస్తూ ఉంటుంది. లక్షన్నర పోసి కొన్నది దాన్నే.

లెక్క కావాలనేవారికి లెక్క. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, బ్రేకు పూర్తిగా పట్టిన తరువాత ఆగడానికి సుమారు 49 మీటర్లు తీసుకొంటుంది. ఇది టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.8 అనుకొని వేసిన లెక్క. అదే రోడ్డు తడిసి, టైర్లు అరిగి, ఆ గుణకం 0.4కు పడిపోతే 98 మీటర్లు. ఈ లెక్కలో డిస్కు వ్యాసం అన్న మాట ఎక్కడా రాదు. కారు బరువు సైతం రాదు. ఇక ప్రమాదాన్ని చూసి కాలు పెడలు మీదికి రావడానికి ఒక్క సెకను పట్టినా, ఆ సెకనులోనే 28 మీటర్లు గడిచిపోతాయి. హైదరాబాదు బాహ్యవలయ రహదారి మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. వేగం ఐదవ వంతు పెరిగితే ఆగే దూరం ఐదవ వంతు పెరుగుతుందని చాలామంది అనుకొంటారు. కాదు, వర్గం ప్రకారం పెరుగుతుంది. 49 మీటర్లు 70 దాటుతుంది. ఇవన్నీ ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో మార్కుల కోసం మనందరం బట్టీ పట్టినవే. పరీక్ష హాలు దాటి రోడ్డు మీదికి మాత్రం వాటిని రానివ్వలేదు.

మీ కారు బ్రేకులు చాలునో చాలవో తెలుసుకోవడానికి ఏ దుకాణానికీ వెళ్ళనక్కరలేదు. నిర్జనమైన పొడి రోడ్డు మీద, వెనుక ఎవరూ లేరని చూసుకొని, ఒక మోస్తరు వేగం నుంచి ఒకసారి గట్టిగా తొక్కండి. పాదం కింద పెడలు గడగడ కొట్టుకొంటే ఏబీఎస్ రంగంలోకి దిగిందన్నమాట. అంటే మీ బ్రేకుల బలం మీ టైర్ల పట్టును అప్పటికే మించిపోయింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు కాబట్టి ఈ పరీక్ష చాలామందికి అందుబాటులో ఉన్నదే. ఆ గడగడ విన్న తరువాత కూడా "ఇంకా పెద్ద డిస్కు వేస్తే తొందరగా ఆగుతుంది" అనేవారితో వాదించడం చెవిటివాని ముందు శంఖం ఊదడమే.

పందెపు కార్లను చూపించి నా నోరు మూయించాలని చూసేవారున్నారు. చూద్దాం. ఫార్ములా వన్ కార్లకు 2021 దాకా 13 అంగుళాల రిమ్ములుండేవి. వాటిలో ఇమిడే డిస్కు వ్యాసం 278 మిల్లీమీటర్లకు మించరాదని నిబంధన. మన వీధుల్లో తిరిగే ఓ మాదిరి పెద్ద కార్ల డిస్కుల కంటె అది చిన్నది. ఆ చిన్న డిస్కులతోనే 300 కిలోమీటర్ల వేగం నుంచి మెడ నరాలు తెగేటట్టు ఆపేవారు. ఎలా? మెత్తని, వెడల్పయిన టైర్లు, వాటిని నేలకు అదిమే గాలి ఒత్తిడి, వెయ్యి డిగ్రీల వేడిని ఓర్చుకొనే కార్బన్ డిస్కులు. వ్యాసం కాదు. 2022లో రిమ్ములు 18 అంగుళాలకు పెరిగినప్పుడే డిస్కులూ పెరిగాయి. అంతకు ముందు ఆ కార్లు ఆగలేదని ఎవరూ అనలేదు.

అయితే పెద్ద డిస్కు శుద్ధ దండగా? కాదు. దాని ప్రయోజనం దానికుంది. కాని అది దుకాణదారు చెప్పే ప్రయోజనం కాదు. డిస్కు చేసే అసలు పని వేడిని మింగడం. కారు పరుగులో ఉన్న శక్తినంతా రాపిడి వేడిగా మారుస్తుంది, ఆ వేడి ఎక్కడికో పోవాలి గదా. 1200 కిలోల కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆపితే సుమారు 460 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. అందులో ముందు చక్రాల వాటా 70 శాతం అనుకొని, ఒక్కొక్క డిస్కు ఐదు కిలోలు తూగుతుందనుకొంటే, ఒక్క ఆపుదలకు డిస్కు వేడి 70 డిగ్రీలు పెరుగుతుంది. ఏడున్నర కిలోల డిస్కయితే 50కి కాస్త తక్కువ. ఒక్కసారి ఆపడానికి ఈ తేడా లెక్కలోకి రాదు. వెంటవెంటనే పదిసార్లు, ఇరవైసార్లు ఆపవలసివస్తే వస్తుంది. మామూలు ప్యాడ్లు, రకాన్ని బట్టి, 300, 400 డిగ్రీలు దాటాక పట్టు సడలిస్తాయి. అప్పుడు కాలు ఎంత నొక్కినా కారు తన దారిన తాను పోతుంది.

డిస్కు బ్రేకు పేరు తెచ్చుకొన్నదీ ఇందుకే. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకొన్నా, లోకం దృష్టిలో పడింది 1953లో. ఫ్రాన్సులో జరిగే ల మాన్ 24 గంటల పందెంలో ఆ యేడు జాగ్వార్ సి-టైప్ కారు డన్లప్ వారి డిస్కు బ్రేకులతో గెలిచింది. డ్రమ్ములు ఒక్కసారి ఆపలేక ఓడిపోలేదు. గంటల తరబడి ఆపీ ఆపీ, ఉడికిపోయి, ఓడిపోయాయి.

కనుక చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీదనో, కోయంబత్తూరు కారి ట్రాకు మీదనో సెలవు రోజుల్లో చుట్లు కొట్టేవారు పెద్ద డిస్కులు వేసుకొంటానంటే వారికి నా నమస్కారం. వారికది అవసరం. వారిలోనైనా అనుభవజ్ఞులు ముందు మార్చేది ప్యాడ్లూ బ్రేకు ఆయిలే, డిస్కు సంగతి తరువాత. నా కోపమంతా కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి గంటకు 20 కిలోమీటర్ల సగటున దేకుతూ పోయే కారుకు ల మాన్ బ్రేకులు బిగించేవారి మీద.

"మరి ఘాట్ రోడ్డో?" అంటారు. మంచి ప్రశ్న. తిరుమల నుంచి తిరుపతికి దిగితే ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఆ ఎత్తులో దాగిన శక్తిని లెక్క కడితే, అదే కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 18 సార్లు పూర్తిగా ఆపినంత. కారు చిన్నదైనా పెద్దదైనా ఈ నిష్పత్తి మారదు. ఆ శక్తినంతా బ్రేకు మీదనే వేస్తే ఏ డిస్కయినా కాగుతుంది, పెద్దది కాస్త ఆలస్యంగా కాగుతుంది. రెండవ గేరులో దిగితే అందులో చాలా భాగాన్ని ఇంజనే మింగేస్తుంది, పైసా ఖర్చు లేకుండా. మన పాతకాలపు బస్సు డ్రైవర్లకు ఇది ఎవరూ ఉపన్యాసమిచ్చి చెప్పలేదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని గురువు దగ్గర నేర్చుకొన్నారు. ఇప్పుడు గేరును న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు పొదుపు చేస్తూ దిగేవాడే, కింద టీ దుకాణం దగ్గర ఆగి, వాసనవేస్తున్న ప్యాడ్లను చూసి, "బ్రేకులు అప్‌గ్రేడ్ చేయించాలి" అంటాడు.

ఘాట్ రోడ్డు మీద అసలు భయపడవలసింది ఎవరి కంటికీ కనబడని దాన్ని చూసి. బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 రకపు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు దాదాపు 3.7 శాతం చేరితే అదే ఆయిలుకు ప్రమాణం కోరేది 155 డిగ్రీలే. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి పోతుంది, ఆవిరిని నొక్కితే అది నలుగుతుందంతే. పెడలు మెత్తగా నేల దాకా దిగిపోతుంది. కారు కొన్ననాటి నుంచి ఆయిలు మార్చని వారు మనలో ఎందరు? రెండేళ్ళకొకసారి మారిస్తే అయ్యే ఖర్చు ఒక కుటుంబం హోటల్లో భోంచేసినంత. ఆ పని చేయించుకొన్నవాణ్ణి ఎవరూ ఆపి ఫోటో తీయరు, అదీ చిక్కు.

పెద్ద డిస్కు ఊరకే కూర్చోదు, కొన్నింటిని చెడగొడుతుంది కూడా. 256 మిల్లీమీటర్ల డిస్కును 300కు పెంచితే ప్యాడు పట్టే చోటు ఇరుసుకు దూరమవుతుంది, అదే కాలి ఒత్తిడికి ఐదవ వంతు బలం ఎక్కువ వస్తుంది. తొక్కగానే "అబ్బో" అనిపించేది ఇదే. ఇది ఆగే దూరం తగ్గడం కాదు, కాలికి పని తగ్గడం. ఈ అదనపు బలం ముందు చక్రాలకే చేరుతుంది, వెనుక అదే పాత డ్రమ్ము. ఏ చక్రానికి ఎంత బ్రేకు పడాలో కారును రూపొందించినవారు లెక్క కట్టి పెట్టిన తూకం అక్కడితో చెడుతుంది. ఏబీఎస్ లేని పాత కారయితే ముందు చక్రాలు తొందరపడి బిగుసుకొంటాయి, వెనుకవి తమ పట్టులో సగం వాడకుండానే ఉండిపోతాయి, స్టీరింగు తిప్పినా కారు తిరగదు. ఆగే దూరం తగ్గకపోగా పెరగవచ్చు. ఏబీఎస్ ఉన్న కారులోనూ దాని లెక్కలు పాత డిస్కు, పాత కాలిపరు, పాత టైరు కొలతల మీద కట్టినవి. దానికి తోడు చక్రానికి రెండు మూడు కిలోల బరువు పెరుగుతుంది. స్ప్రింగుకు కింద, గుంతగుంతకూ ఎగిరిపడే బరువది. మన రోడ్ల మీద గుంతలకేమి తక్కువ?

మా బంధువర్గంలో ఒక అబ్బాయి ఈ వైభవమంతా తన పదేళ్ళనాటి హ్యాచ్‌బ్యాకుకు చేయించాడు. ఏబీఎస్ లేని బండి. ముందు 16 అంగుళాల రిమ్ములు వేయించాడు. పెద్ద రిమ్ములో పాత డిస్కు పెళ్ళివిస్తరిలో ఒక్క ఇడ్లీలాగ కనిపించిందట. దాంతో డిస్కులూ కాలిపర్లూ. దుకాణంవాడు ఆగే దూరం 30 శాతం తగ్గుతుందన్నాడట. "ఎలా కొలిచారు?" అని అడిగాను. "కొలవడమెందుకు బాబాయ్, ఒకసారి తొక్కి చూడండి, మీకే తెలుస్తుంది" అన్నాడు. తొక్కి చూశాను. కాలికి తెలిసిన మాట నిజమే. తొలకరి వానకు అదే కారు, అదే కాలు, ముందున్న పాల వ్యానును మెల్లగా, నిశ్శబ్దంగా, ముందు చక్రాలు రెండూ బిగుసుకొని, పోయి తాకింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. లక్షా ఇరవై వేలు పెట్టినవాడు రిమ్ములతోపాటు కొన్న టైర్లు మాత్రం సెకండ్‌హ్యాండువి, ఖర్చు తగ్గుతుందని. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే టైరు తీసేయాలని ఆ టైరు మీదనే గుర్తు పోసి ఉంటుంది. వీటిలో ఆ గుర్తు కూడా అరిగిపోయింది.

ఇది ఇలా ఉండగా, నిజమైన డిస్కుకు డబ్బు చాలని వారికోసం ఇంకొక సరుకుంది. మామూలు కాలిపరు మీద తగిలించే ఎర్రని తొడుగు, దాని మీద ఇటలీ కంపెనీ పేరు. వెనుక డ్రమ్ము మీద బిగించే చిల్లుల రేకు, దూరం నుంచి డిస్కులా కనబడడానికి. పైన పటారం, లోన లొటారం. గాలి తగిలి చల్లబడవలసిన చోట దుప్పటి కప్పడమే ఇది. పోర్షే కార్లలో ఎర్రని కాలిపరుకో అర్థం, పసుపుపచ్చకో అర్థం ఉన్నాయి. పసుపయితే సెరామిక్ డిస్కులని తెలిసినవాడు చూడగానే గుర్తు పడతాడు. మన దగ్గర రంగు మిగిలింది, అర్థం పోయింది. డిస్కులకు వేసే చిల్లులదీ అదే కథ. ఒకప్పటి ప్యాడ్లు కాగినప్పుడు వెలువడే వాయువు పోవడానికీ, బరువు తగ్గడానికీ పందెపు కార్లలో వేసినవవి. రోడ్డు కారులో వాటి వల్ల మిగిలేది వానలో కొద్దిపాటి లాభం, చవకరకపు డిస్కయితే చిల్లు చిల్లుకూ పగులు.

డ్రమ్మును చూసి సిగ్గుపడేవారికి ఒక కబురు. బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది గనుక చిన్న కారులో వెనుక చక్రాలు చేసే పని స్వల్పం, దానికి డ్రమ్ము చాలు. జర్మనీవారి ఫోక్స్‌వాగన్ తన విద్యుత్ కార్లు ఐడి.3, ఐడి.4లకు వెనుక డ్రమ్ములే పెట్టింది. బ్యాటరీకి కరెంటు మళ్ళిస్తూ మోటారే కారును నెమ్మదింపజేస్తుంటే, వాడకం లేని డిస్కు తుప్పు పడుతుందని. పాతదనుకొన్నది ఇలా కొత్త కారెక్కి తిరిగివచ్చింది.

చట్టం సంగతి చెప్తే కొందరికి నవ్వు వస్తుంది గాని చెప్పక తప్పదు. తయారీదారు నిర్దేశించిన మూల స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాటను ఖరాఖండిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని చేర్చారు. పోలీసు ఆపకపోవచ్చు. ప్రమాదం జరిగిన మరునాడు బీమా సర్వేయరు మాత్రం వంగి చూస్తాడు.

"మీకు కార్ల మీద ప్రేమ లేదు, అందుకే ఇలా వ్రాస్తారు" అని ఒక మిత్రుడు ఎప్పుడో అన్నాడు. కారును ప్రేమించడమంటే దాని లోపలి పనిని తెలుసుకోవడమని నేననుకొంటాను. తుప్పు పట్టిన కాలిపరు పిన్నుకు గ్రీజు రాయించడం, కొత్త ప్యాడ్లు వేయించాక మొదటి 200, 300 కిలోమీటర్లు మెల్లగా తొక్కి వాటిని డిస్కుకు అలవాటు చేయడం, నెలకొకసారి టైర్ల గాలి చూసుకోవడం ప్రేమ కాదా? ఒక మంచి జత టైర్లకు అయ్యే ఖర్చు ఈ బ్రేకు కిట్ల ధరలో పదవ వంతుకు అటూ ఇటూ. రెండు జతలూ మార్చి, ఆయిలు మార్చి, మంచి ప్యాడ్లు వేయించినా లక్షన్నరలో లక్షకు పైగా మిగులుతుంది. ఆ మిగిలిన దానితో కావలిస్తే కాలిపరుకు ఎర్రరంగు వేయించుకోండి, నేనే వచ్చి చూసి బాగుందంటాను.

అమ్మేవారిని అడగవలసింది ఒక్కటే ఉంది. ఒకే కారు, ఒకే టైర్లు, ఒకే పొడి రోడ్డు, 100 కిలోమీటర్ల వేగం. పాత డిస్కులతో ఐదుసార్లు, కొత్త డిస్కులతో ఐదుసార్లు ఆపి, టేపు పెట్టి కొలిచి, ఆ పది అంకెలనూ దుకాణం గోడ మీద, ఎర్రని కాలిపర్ల పక్కనే వ్రాసి పెట్టమనండి. రాణీగంజ్‌లో ఏ దుకాణంవారు పెట్టినా సరే, కబురు చేయండి, వెళ్ళి చదివి వస్తాను.